ఖాళీ బండి బరువు

బండి వెనక రెక్క మీద
"నర్సింగరావు అండ్ సన్స్, టింబర్" అని ఉండె.
కొన్ననాడే పెయింటర్ యాకూబ్‌కు మూడువందలిచ్చి
గీకి పారెయ్యమన్న.
"సన్స్ ఉంచుదామా అక్కా, అక్షరాలు మంచిగున్నయి" అన్నడు.
నాకున్నది ఒక్క బిడ్డ,
మల్లేపల్లి హాస్టల్ల ఎనిమిది చదువుతది.
గీకిండు. నీలం పూసి నా పేరు రాసిండు:
నేనావత్ సాల్కి, కర్ర కోత, గుట్టకింది తండ.
ఎండలు ముదిరినంక
నీలం కిందికెళ్లి నర్సింగరావు మల్ల లేస్తున్నడు.

పదకొండేండ్లు ఆయన లోడ్లే మోసిన.
జామాయిలు దుంగ పచ్చిదైతే భుజం మీద ఎట్ల కూసుంటదో
ఎండిందైతే ఎట్ల జారుతదో
సర్కారు తుమ్మ ముల్లు చెప్పులకెళ్లి ఎంత లోతు దిగుతదో
ఏ కాయితంల రాసి లేదు.
బ్యాంకు సారు అనుభవం సర్టిఫికెట్ తెమ్మన్నడు.
భుజం చూపిద్దామనుకున్న.
చూపియ్యలే.
"జమానతేంది?" అన్నడు.
నిలబడ్డ చెట్లు రైతువి, పడ్డ చెట్లు మిల్లువి,
నడుమ, పడుతున్నంతసేపే నావి.
ఆ కొంచెంసేపటికి ఏ బ్యాంకూ అప్పియ్యదు.

రంపం మిషను సంఘం పైసలతోని కొన్న. పాతదే.
చెయిన్ పండ్లకు ఆకురాయి పట్టుడు నేర్పమంటే
కోత మేస్త్రి ఈదయ్య నవ్విండు:
"నీకెందుకమ్మ, నువ్వు పేమెంట్ చూస్కో."
ఆయన తాగి పన్న రాత్రి
సెల్‌ఫోన్ లైటు పండ్లతోని కరిసి పట్టి
ఒక్కొక్క పన్నూ నేనే రాసిన.
ఏలు తెగింది.
పొద్దుగాల రంపం దుంగలకు, వెన్నలకు దిగినట్టు దిగింది.
ఈదయ్య ఏమనలే. నా దిక్కు కూడా చూడలే.
మరునాడు ఆకురాయి నా సంచి పక్కన పెట్టి పోయిండు.

చింతపల్లి దిక్కు ఒక రైతు
ఎకరంన్నర జామాయిలు ఇస్తనని మాటిచ్చిండు,
అడ్వాన్స్ ఇరవై వేలు తీసుకున్నడు,
వారానికి తిరిగిచ్చిండు.
"మా ఇంట్ల వద్దంటున్నరు."
ఎందుకు వద్దన్నరో ఆయనా చెప్పలే, నేనూ అడగలే.
తెల్లారి ఆ తోటల
నర్సింగరావు చిన్నకొడుకు లారీ.
అండ్ సన్స్.

చెక్‌పోస్టు కాడ టార్చి లైటు మొదలు నా మొకం మీద పడతది,
తర్వాత కాయితం మీద.
"ఓనర్ ఎక్కడ?"
"ఇక్కడ."
"అది కాదమ్మా, ఓనర్."
డ్రైవర్ పోరడు నవ్వు ఆపుకుంటడు.
వాని జీతం నేనిస్తనని
వాడు కూడా అప్పుడప్పుడు మర్చిపోతడు.

మిల్లోళ్లు పైసలు మూడు నెలలకిస్తరు.
కూలోళ్లకు శనివారం
మూడు నెలలకొకసారి రాదు.

నిన్న మిల్లు కాంట కాడ
లోడు దించినంక ఖాళీ బండి మల్ల తూకం పెట్టమన్న.
"పుస్తకంల ఉన్నది గదా, ఎప్పటి బరువే" అన్నడు గుమాస్తా.
పుస్తకంల ఉన్నది నర్సింగరావు నాటి బరువు:
రెండు స్టెప్నీలు, జాకీ, గొలుసులు, ఇనుప డాలా.
స్టెప్నీలు రెండూ డీజిల్‌కే పోయినయి,
డాలాను తుప్పు తిన్నది.
బండి బక్కదైనకొద్దీ నా కర్ర తరుగుతున్నది వాని పుస్తకంల.
వాడు ఫోన్ చూసుకుంట కూసున్నడు.
నేను బండి కాంట మీదనే ఆపిచ్చి
తాళంచెవి కొంగున ముడేసి
వాని గది గడప మీద కూసున్న.
వెనక ఏడు లారీలు. హారన్లు.
ముప్పావు గంటకు లేచిండు.

నూటఎనభై కిలోల తేడా ఉంటదని నా భుజం చెప్పింది.
కాంట నూటడెబ్బై నాలుగు అన్నది.
తేమ కింద కొంత, బెరడు కింద కొంత కొట్టి
అరవై నా పేరు మీద రాసిండు.
పోయిన పదిహేను లోడ్ల సంగతేందంటే
"పాతవి తియ్యకు" అన్నడు.
సంతకం చేసిన.

బండెక్కంగ చూస్తె
వెనక రెక్క మీద రెండు పేర్లు
ఒకదాని మీదొకటి పన్నయి.
ఈసారి ఎరుపు పూపియ్యాలె.
మందంగ.
శనివారానికి ఇంకా రెండు రోజులున్నయి.